పెద్దల్ని పిలవని పాట

అక్టోబర్ దగ్గరపడగానే హైదరాబాద్‌లో రెండు రకాల పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. మొదటిది నల్లరంగు మీద పళ్ళికిలించి నవ్వే గుమ్మడికాయ. హాలోవీన్ నైట్, లైవ్ బ్యాండ్, దయ్యం వేషంలో వస్తే ఎంట్రీ ఫ్రీ. రెండోది పసుపురంగు మీద పూల గోపురం. బతుకమ్మ నైట్, డీజే, టీవీ యాంకర్, సెల్ఫీ పాయింట్. పోస్టర్లతో పాటే ఏటా ఒక తగువు కూడా వస్తుంది. పెత్రమాసకి పెద్దలకి బియ్యం ఇవ్వడం తెలీదు గానీ తెల్లోళ్ళ దయ్యాల పండగ కావాల్సొచ్చిందా అని ఒకరు. పండగలకి పాస్‌పోర్టులేంటి బ్రో అని ఇంకొకరు. నవంబర్ రెండో వారానికి ఇద్దరూ అలిసిపోతారు. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసుండదు.

ఇద్దరూ తిరుగుతున్నది ఒకే ప్రశ్న చుట్టూ. ఈ పండగ ఎక్కడ పుట్టింది? నాకైతే ఇంకో ప్రశ్న ముఖ్యం అనిపిస్తుంది. ఆ రాత్రి పాడుతున్న పాట ఎవరు వినాలని పాడుతున్నారు? ఈ ప్రశ్న అడిగితే ఆ రెండు పోస్టర్లూ ఒకే ఈవెంట్‌వి అని తేలుతుంది. రెండిటి మూలాల్లోనూ చనిపోయినవాళ్ళున్నారు. రెండు స్టేజీల మీదా ఇప్పుడు వాళ్ళకి చోటు లేదు. మన లైవ్ మ్యూజిక్ గురించి మాట్లాడుకోవాల్సింది ఇక్కడి నుంచే అని నా వాదన.

* * *

ముందు ఆ పుట్టుక సంగతే చూద్దాం. హాలోవీన్ గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. రెండు వేల ఏళ్ళ కిందట ఐర్లండ్‌లో కెల్టులు సావిన్ అనే పండగ చేసుకునేవాళ్ళు, ఆ రాత్రి చనిపోయినవాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు, వాళ్ళకి దొరక్కుండా జనం వేషాలు కట్టేవాళ్ళు, తర్వాత చర్చి వచ్చి ఆ పండగని లాక్కుంది. వినడానికి బాగుంటుంది. బ్రిటిష్ చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ 1996లో వచ్చిన 'ద స్టేషన్స్ ఆఫ్ ద సన్' అనే పుస్తకంలో ఈ కథని పోగు పోగు విప్పి చూశాడు. సావిన్ ఉన్నమాట నిజం. వేసవి అయిపోయి, మేతకి పోయిన పశువుల్ని ఇంటికి తోలుకొచ్చే కాలం అది. కానీ దాని గురించి మిగిలిన ఐరిష్ రాతలు మధ్యయుగాల్లో క్రైస్తవ మఠాల్లో రాసినవి. అది మొదటి నుంచీ చనిపోయినవాళ్ళ పండగే అని చెప్పడానికి గట్టి ఆధారం లేదంటాడు హట్టన్.

చనిపోయినవాళ్ళు ఆ కాలంలోకి స్పష్టంగా నడిచొచ్చింది చర్చి దారిలోనే. తొమ్మిదో శతాబ్దంలో నవంబర్ 1 సకల పునీతుల పండుగగా స్థిరపడింది. పదకొండో శతాబ్దం నాటికి ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం నుంచి నవంబర్ 2 చనిపోయిన విశ్వాసులందరి స్మరణ దినంగా పాకింది. ఇంగ్లండ్‌లో దీన్నుంచే ఒక ఆచారం వచ్చింది. పేదవాళ్ళు, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, పాట పాడి, ఆ ఇంట్లో పోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థన చేసి, బదులుగా 'సోల్ కేక్' అనే చిన్న రొట్టె తీసుకునేవాళ్ళు. ప్రొటెస్టెంట్ సంస్కరణ వచ్చి చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థనలు వద్దన్నాక కూడా చెషైర్ లాంటి చోట్ల ఆ పాట మూడు వందల ఏళ్ళకి పైగా బతికింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరిష్, స్కాటిష్ వలసలతో ఈ రాత్రి అమెరికా చేరింది. టర్నిప్ దుంప తొలిచి పెట్టిన దీపం అక్కడ గుమ్మడికాయలోకి మారింది. 1920లు, 30ల్లో 'ట్రిక్ ఆర్ ట్రీట్' అన్న మాట స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చక్కెర రేషన్ ఎత్తేశాక మిఠాయి కంపెనీలు మిగతా పని చూసుకున్నాయి.

ఈ ప్రయాణంలో జారిపోయింది పాట. ఒకప్పుడు తలుపు కొట్టినవాళ్ళు పాట ఇచ్చి రొట్టె తీసుకున్నారు. ఆ పాట ఆ ఇంటి చనిపోయినవాళ్ళకి. ఇప్పుడు ఇచ్చేదేమీ లేదు, తీసుకునేది మాత్రం ఉంది.

మన వైపు పుట్టుక కూడా అనుకున్నంత శుద్ధంగా ఏమీ లేదు. బతుకమ్మ పళ్ళెంలో తంగేడు, గునుగు ఇక్కడివే అనుకుందాం. నడిమధ్య గౌరమ్మగా కూర్చునే గుమ్మడి పువ్వు? ఆ తీగని మొదట సాగుచేసింది అమెరికా ఖండాల్లో. వరసల మధ్య దూర్చే బంతి? దాని సొంతూరు మెక్సికో. అక్కడ నవంబర్ మొదట్లో చనిపోయినవాళ్ళ పండగకి సమాధుల మీద పరిచేది, వాళ్ళు దారి తప్పకుండా ఇంటికి రావాలని గుమ్మం దాకా చల్లేది ఈ బంతిపూలనే. హాలోవీన్ గుమ్మడికాయదీ మన గౌరమ్మ పువ్వుదీ ఒకటే వంశం. హైటెక్ సిటీలో ఆయుధపూజ రోజు ఆఫీసు ముందు దిష్టి తీసి పగలగొట్టే బూడిదగుమ్మడికాయని కూడా లెక్కేస్తే, అక్టోబర్‌లో గుమ్మడి లేని పండగే లేదు మనకి. పుట్టుక పేరుతో తగువు పెట్టుకునేవాళ్ళు ముందు తమ పళ్ళెంలో పూలేరుకోవాల్సి వస్తుంది.

* * *

తెలంగాణలో చనిపోయినవాళ్ళూ పాటా ఒకే రోజు వస్తారు. అది భాద్రపద అమావాస్య. పుస్తకాల్లో మహాలయ అమావాస్య, నోటిమాటలో పెత్రమాస. పొద్దున పోయినవాళ్ళ పేర్లు తలుచుకుని బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు చేటలో పెట్టి ఇస్తారు. సాయంత్రం అదే ఇంటి ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని బయటికొస్తారు. పెద్దల రోజుకీ పాటల రోజుకీ మధ్య ఒక మధ్యాహ్నం మాత్రమే ఉంది.

బతుకమ్మ చుట్టూ ఉన్న కథలు కూడా ఈ పొద్దునకి దగ్గరివే. ఒక కథలో నూరుమంది కొడుకుల్ని పోగొట్టుకున్న రాజుకీ రాణికీ పుట్టిన ఆడపిల్లని చూసి అందరూ బతుకు తల్లీ అని దీవిస్తారు. అది పేరుగా మారిన ప్రాధేయం. ఇంకో కథలో అన్నలకి ఒక్కగానొక్క చెల్లెల్ని వదిన చంపి పాతిపెడుతుంది. ఆ చోట తంగేడు మొలుస్తుంది. హాలోవీన్ సినిమాల్లో దయ్యం ఇంట్లోకి దూరుతుంది. ఈ కథలో చచ్చిన పిల్ల పువ్వై వస్తే, పళ్ళెంలో పెట్టుకుని, చుట్టూ తిరిగి, ఆమెతో మాట్లాడి, చెరువు దాకా సాగనంపుతారు. భయం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఇక్కడ ఆ భయానికి ఒక ఇంటిపేరుంది.

సత్తుపల్లి లాంటి ఊరి నుంచి చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. ఖమ్మం జిల్లాకి దక్షిణపు అంచు. కాస్త దూరం పోతే ఆంధ్ర. దమ్మపేట, అశ్వారావుపేట వైపు తిరిగితే పామాయిల్ తోటలు, కోయ ఊళ్ళు, ఆపైన భద్రాచలం అడవి. ఊరి పక్కనే సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని, దాని బొగ్గు కోసం కొత్తగూడెం నుంచి వేసిన రైలు పట్టాలు. ఇన్ని దిక్కుల జనం ఉన్న చోట చనిపోయినవాళ్ళకి ఒక్క క్యాలెండర్ సరిపోదు. కొన్నిళ్ళలో పెత్రమాస. కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకి సంక్రాంతి. పెద్దలకి కొత్త బట్టలు పెట్టాకే పిల్లలు కట్టుకోవాలి. క్రైస్తవ కుటుంబాలకి నవంబర్ 2, సమాధుల పండగ. సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, చీకటి పడగానే కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు.

ఆ చివరిదాన్ని ఒకసారి గట్టిగా చూడండి. హాలోవీన్‌కి అసలు తోబుట్టువు అదే. క్లూనీ మఠంలో మొదలైన ఆ తేదీ తెలుగు ఊళ్ళకి ఎప్పుడో వచ్చింది. గుమ్మడికాయ లేకుండా, వేషాలు లేకుండా, తెలుగు పాటలతో వచ్చింది. దాన్ని తీసుకొచ్చింది పబ్ కాదు. హాలోవీన్ మనది అవునా కాదా అని పోట్లాడుకునే రెండు పక్షాలకీ ఆ స్మశానంలో వెలిగే కొవ్వొత్తులు కనిపించవు. ఒకరికి అది మన సంస్కృతి లెక్కలోకి రాదు. ఇంకొకరికి అది కూల్ కాదు.

* * *

ఇక పాట సంగతి. బతుకమ్మ పాటకి వాయిద్యం అక్కర్లేదు. చప్పట్లే తాళం. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ప్రతి చరణం చివర 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో ఒక ఊత ఉంటుంది. ఆ ఊత అందరిదీ, దాని ముందు మాట మాత్రం ఎత్తుకున్నామెది. అందుకే ఆ చట్రంలో ఏదైనా ఇమిడింది. రామాయణం ఇమిడింది, అత్తింటి కష్టం ఇమిడింది, సాయుధ పోరాటం ఇమిడింది, తెలంగాణ ఉద్యమం ఇమిడింది. ఎత్తుకున్నామె మాట మర్చిపోతే పక్కామె అందిస్తుంది. ఆమెకీ రాకపోతే చప్పట్లు ఒక చుట్టు ఖాళీగా తిరుగుతాయి, ఎవరికో గుర్తొస్తుంది.

లైవ్ అనే మాటకి నాకు తెలిసిన మంచి నిర్వచనం ఆ ఖాళీ చుట్టే. పాట ఆగిపోవచ్చు అన్న ప్రమాదం ఉన్నప్పుడే అది లైవ్. వృత్తంలో నిలబడ్డ ప్రతి ఒక్కరూ దాన్ని బతికించాలి. అడుగులు నెమ్మదిగా ఎందుకు పడతాయంటే పాట పొడుగు, దానికి తొందర లేదు. ఇవాళ ఎత్తుకుంటున్నామె ఆ పాటని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది, ఆ అమ్మకి పొద్దునే బియ్యం ఇచ్చొచ్చింది. పెద్దలు ఆ వృత్తంలోకి వస్తే ఈ దారినే వస్తారు.

డీజే ఈ ఖాళీ చుట్టుని తీసేసింది. స్పీకర్ మాట మర్చిపోదు. కాబట్టి ఎవరికీ పాట రానక్కర్లేదు. పాట రానక్కర్లేదు కాబట్టి ముసలామె అక్కర్లేదు. వృత్తంలో ఆమె చోటు కుర్చీలోకి మారుతుంది, కుర్చీ ప్రేక్షకుల వైపుకి మారుతుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. 2016లో ఎల్బీ స్టేడియంలో వేలమంది ఆడవాళ్ళతో గిన్నిస్ రికార్డు వచ్చింది. 2021లో బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ బొమ్మ వెలిగింది. ఒకప్పుడు పట్నంలో చిన్నచూపు చూసిన పండగకి ఇంత గౌరవం రావడం చిన్న విషయం కాదు, దాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. కానీ రికార్డుకి లెక్క కావాలి. లెక్కకి అందరూ ఒకే అడుగు వేయాలి. ఒకే అడుగుకి ఒకే ట్రాక్ కావాలి.

అదే 2021లో తెలంగాణ జాగృతి కోసం ఏఆర్ రహమాన్ సంగీతంలో, గౌతమ్ మీనన్ దర్శకత్వంలో, మిట్టపల్లి సురేందర్ మాటలతో 'అల్లిపూల వెన్నెల' వచ్చింది. అందమైన పాట. ఉత్తర ఉన్నికృష్ణన్ గొంతులో ఆ సన్నటి వంపులు ఇయర్‌ఫోన్స్‌లో వింటే హాయిగా ఉంటుంది. సమస్య ఆ హాయిలోనే ఉంది. ఆ వంపు మన గల్లీలో పాడే అక్క అందుకోలేదు. అందుకోవాలని ఆ పాట అడగదు కూడా. బతుకమ్మ పాట మామూలు గొంతుల కోసం కట్టింది, బొంగురు గొంతుకి కూడా అందులో చోటుంది. రహమాన్ పాట బతుకమ్మ గురించిన పాట. బతుకమ్మ పాట కాదు. ఈ తేడా చెప్పడం ఆ పాటని తక్కువ చేయడం కాదు. ఒక పని చేసే పాటనీ, ఆ పనిని చూపించే పాటనీ ఒకే గాటన కట్టకూడదనే.

* * *

హైదరాబాద్ లైవ్ సీన్ బీదదేమీ కాదు. స్లెడ్జ్, నేటివ్ టంగ్ లాంటి బ్యాండ్లు ఇంగ్లిష్ రాక్, మెటల్‌తో ఇక్కడ ఒక తరాన్ని తయారుచేశాయి. 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ తెరిచాక, టికెట్ కొనలేనివాళ్ళు కూడా చాయ్ సమోసాతో కూర్చుని పాట వినే ఒక వాకిలి దొరికింది. 2018లో చౌరస్తా బ్యాండ్ 'ఊరెళ్ళిపోతా మామా' అన్నప్పుడు, రెగే తాళం మీద తెలుగు పల్లె మాట అంత సులువుగా కూర్చోగలదని చాలామందికి మొదటిసారి తెలిసింది. సిటీ బ్యాండ్ అంటే అరువు గొంతు అన్న మాట ఆ పాటతో చెల్లకుండా పోయింది.

అయితే ఆ పాట ఊరిని తలుచుకుంటుంది. ఊళ్ళో పోయినవాళ్ళని పిలవదు. ఇది ఆ ఒక్క పాట లోపం కాదు, మొత్తం సీన్ స్వభావం. మన సిటీ లైవ్ మ్యూజిక్‌కి ప్రేమ ఉంది, బ్రేకప్ ఉంది, బస్సెక్కి వచ్చిన బెంగ ఉంది, కోపం కూడా ఉంది. ఏడుపు లేదు. ఒక మనిషి పోతే పాడుకోవడానికి మన బ్యాండ్ల సెట్‌లిస్ట్‌లో ఏముంది? ఏడాదిలో ఒక్క రాత్రి చావుని థీమ్‌గా పెట్టుకునే హాలోవీన్ నైట్‌లో కూడా వాయించేది మామూలు శనివారం కవర్లే. ముఖానికి పుర్రె రంగు, చేతిలో గ్లాసు, నోట్లో నిన్నటి హిట్టు. వేషం చావుది, పాట చావుది కాదు.

జనానికి అలాంటి పాట అక్కర్లేదేమో అని అనుకోవడానికి లేదు. 2023 మార్చిలో 'బలగం' వచ్చింది. వేణు యెల్దండి సినిమా. పిండం కాకి ముట్టకపోవడం దాని కథ. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే బుడగజంగాల పాటతో థియేటర్లకి థియేటర్లు ఏడ్చాయి. ఊళ్ళల్లో తెరలు కట్టి వేశారు, కలిసి కూర్చుని ఏడ్చారు. ఆ పాట పోయినాయన గురించి చెబుతున్నట్టుంటుంది గానీ, కుటుంబంలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి నిలదీసినట్టు తగులుతుంది. చావు పాట చేసే పని అది. పోయినవాళ్ళ ముందు బతికున్నవాళ్ళని నిలబెడుతుంది. మల్టీప్లెక్స్ జనం కూడా అందుకు సిద్ధంగా ఉన్నారని తేలిపోయింది. మన స్టేజీలే సిద్ధంగా లేవు.

* * *

సత్తుపల్లి నుంచి అడవి వైపు పోతే ఈ పని ఇంకా లోతుగా జరిగిన చోటు కనిపిస్తుంది. కోయలకి డోలీలని కథకులున్నారు. డోలు, కంచుమేళం వాళ్ళ వాయిద్యాలు. పెళ్ళికీ చావుకీ వేల్పుల కొలుపుకీ వాళ్ళు రావాలి. వంశం ఎక్కణ్ణించి వచ్చింది, ఏ గట్టువాళ్ళు ఎవరికి ఏమవుతారు, ఏ వీరుడు ఎక్కడ పడ్డాడు, ఇవన్నీ వాళ్ళ పాటలో ఉంటాయి. పోయిన మనిషిని ఆ వరసలో కూర్చోబెట్టేది ఆ పాటే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యకి పేరుమోసిన మనిషి. కోయలోనూ తెలుగులోనూ చెప్పేవాడు. సమ్మక్క-సారలమ్మ కథ, పగిడిద్దరాజు కథ ఆయన గొంతులో ఉండేవి. 2022లో పద్మశ్రీ వచ్చింది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటి పరిశోధకులు ఈ వాయిద్యాలనీ కథల్నీ సేకరించడానికి ఏళ్ళు పెట్టకపోతే పట్నానికి ఈ మాత్రం కూడా తెలిసేది కాదు.

అటు చివర, ఆదిలాబాద్ అడవుల్లో, దీపావళి రోజుల్లో గోండులు దండారి చేస్తారు. గుస్సాడీలు తలకి నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, నల్లటి చారలు, మెడలో పూసలు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ స్నానం చేయరు. ఊరి నుంచి ఊరికి ఆడుతూ పోతారు, వెళ్ళిన ఊరు వాళ్ళకి అన్నం పెడుతుంది. అక్టోబర్ చివర వేషం కట్టి గుమ్మాలకి వెళ్ళడం, పాటకీ ఆటకీ బదులు తిండి దొరకడం. హాలోవీన్ పారేసుకున్నది అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే, గుస్సాడీ వేషం వేసుకున్నవాడు దయ్యంలా నటించడు. ఆ కొన్ని రోజులు ఊరు అతన్ని దేవుడిగానే చూస్తుంది.

దీపావళికి కూడా పెత్రమాసతో ఒక పాత లంకె ఉంది. ధర్మసింధు లాంటి గ్రంథాల్లో ఆశ్వయుజ అమావాస్య సాయంత్రం ఉల్కాదానం చెప్పారు. మహాలయానికి వచ్చిన పెద్దలు తిరిగిపోయే దారికి దివిటీలు చూపడం. అంటే ఆ నెలంతా వాళ్ళు మన దగ్గరున్నట్టు. బతుకమ్మ పాటలన్నీ వాళ్ళ చెవిన పడినట్టు.

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. ఆ ఏడాది జూన్ 23న సకిని రామచంద్రయ్య పోయాడు. అక్టోబర్ 25న, దీపావళికి ఆరు రోజుల ముందు, 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు పోయాడు. డిసెంబర్ 19న బలగం మొగిలయ్య పోయాడు. ఆరు నెలల్లో ముగ్గురు. చావుకి పాట ఎలా పాడాలో, వేషం ఎలా కట్టాలో తెలిసిన ముగ్గురు. ముగ్గురికీ వార్తలొచ్చాయి, నివాళి పోస్టులొచ్చాయి. చావు పాట పాడేవాళ్ళు పోయినప్పుడు ఈ సిటీ స్టేజీలకి తమదంటూ పాడటానికి ఒక పాట లేదు.

* * *

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. చావు సంగీతం అని మురిసిపోయే ముందు దాన్ని ఎవరి చేత చేయించారో గుర్తుంచుకోవాలి. మన ఊళ్ళల్లో శవం ముందు డప్పు మాదిగల మీద వెట్టిగా రుద్దిన పని. ఇష్టమున్నా లేకున్నా కొట్టాలి, పిలిచినప్పుడల్లా పోవాలి, తర్వాత దూరంగా నిలబడాలి. చావు డప్పు కొట్టం అని ఆ పల్లెల్లో కుర్రాళ్ళు తిరగబడినప్పుడు అది కళ చచ్చిపోవడం కాదు, మనిషి లేచి నిలబడటం. వాళ్ళు ఊరి బహిష్కరణలు కూడా ఎదుర్కొన్నారు. కాబట్టి పట్నంలో కూర్చుని 'అయ్యో ఆ పాట పోతోంది' అనడం నాలాంటివాళ్ళకి తేలిక. పాడినవాళ్ళకి ఆ పాట ఖర్చెంతో వాళ్ళే చెప్పాలి.

ఈ అభ్యంతరం నా వాదనని పడగొట్టదు, దానికి షరతు పెడుతుంది. వెట్టి పాట వెనక్కి రాకూడదు. కోరుకున్నవాడు, తనకి నచ్చిన ధరకి, తన పేరుతో పాడే పాట రావాలి. ఆ పని చేయగలిగింది సిటీ స్టేజీయే. ఊళ్ళో డప్పుకి కులం అంటుకుని ఉంటుంది. టికెట్ పెట్టి, పోస్టర్ మీద పేరేసి, గంటన్నర సమయమిచ్చిన స్టేజీ మీద అదే డప్పుకి కళాకారుడు ఉంటాడు. ఉద్యమాల్లో డప్పు ఇప్పటికే ఈ దారి చూపించింది. లైవ్ సీన్ మాత్రం ఇంకా జానపదం అంటే ఓపెనింగ్ ఐటమ్ అనుకుంటోంది. లేదంటే ఒక ముక్క రికార్డ్ చేసి బీట్ కింద పరిచేసుకుని, క్రెడిట్స్‌లో 'సాంప్రదాయ గీతం' అని రాసేసుకుంటోంది. కొమురమ్మ పాట సాంప్రదాయమే. కానీ అది కొమురమ్మది కూడా.

ఇంకో మాట వినిపిస్తుంది. వారమంతా పనిచేసి శుక్రవారం రాత్రి ఎగురుదామని వచ్చినవాడికి చావు ఎందుకు అని. ఎగరనివ్వండి. అసలు చావు దగ్గర ఎగిరే అలవాటు మనకి కొత్తేమీ కాదు. నిండా బతికి పోయిన ముసలివాళ్ళని డప్పు కొట్టి, చిందేసి సాగనంపే ఊళ్ళు మనవి. ఆ ఎగరడంలో ఏడుపు కలిసి ఉంటుంది. పబ్‌లో ఎగరడానికి లేనిది అదే.

మరి చేయాల్సిందేమిటంటే, పెద్ద పథకాలేం అక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీల బతుకమ్మలో మొదటి అరగంట డీజే ఆపండి. వచ్చినవాళ్ళలో పాట వచ్చిన ఒక పెద్దావిడని వెతకండి, ఏ బ్లాకులోనో ఉంటుంది, మనవణ్ణి చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చి ఉంటుంది. ఆమె ఎత్తుకోనీ. మాట మర్చిపోనీ. ఆ ఖాళీ చుట్టు తిరగనీ. హాలోవీన్ నైట్ పెట్టే బ్యాండ్లు వేషాలతో పాటు ఒక్క కొత్త పాట కట్టండి, ఆ ఏడాది పోయిన మీ మనిషి కోసం. గుమ్మం దగ్గర ఎంట్రీకి దయ్యం వేషం బదులు ఒక పేరు అడగండి. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి, బయట స్పీకర్లకి రాత్రి పదింటికి గోడ కట్టాయి. చప్పట్లకీ గొంతులకీ ఆ గోడ లేదు. లామకాన్ లాంటి వాకిళ్ళల్లో పది తర్వాత మైకు ఆపేసి డోలీ కథకులు ఒక్కళ్ళని కూర్చోబెట్టి, కోయ మాట కోయగానే వినిపిస్తే, అర్థం కానివాళ్ళకి కూడా ఎవర్నో పేరుపేరునా పిలుస్తున్నారని తెలుస్తుంది.

ఈసారి పోస్టర్ చేతికొచ్చినప్పుడు గుమ్మడికాయ ఉందా తంగేడు ఉందా అని చూడకండి. కింద చిన్న అక్షరాల్లో పాడేవాళ్ళ పేర్లున్నాయేమో చూడండి. ఉంటే వెళ్ళండి. డీజే పేరొక్కటే ఉంటే, మీ అమ్మకి ఫోన్ చేసి వాళ్ళమ్మకి ఏ పాట వచ్చో అడగండి.